హిదాయా ప్రక్కన మరో గ్రంథం

మా వయస్సు ఇప్పుడు యాభై ఆరు. అందులో ముప్ఫై ఏళ్ళకు పైగా మదరసాలో పాఠాలు చెప్పడంతోనే గడిచాయి. కర్నూలులోని ఒక మదరసాలో ఖుదూరీ, హిదాయా గ్రంథాలు బోధిస్తున్నాము. పరీక్షలు పెట్టడం, పత్రాలు దిద్దడం మా వృత్తి. పరీక్ష రాయడమన్నది ఇరవై నాలుగో ఏట పట్టా పుచ్చుకున్న నాడే ముగిసిపోయిన వ్యవహారమని అనుకునేవారము. అటువంటిది, నలభై తొమ్మిదో ఏట మొదలుపెట్టి, నాలుగేళ్ళ వ్యవధిలో పెట్టుబడులకు, వాణిజ్యానికి సంబంధించిన మూడు పరీక్షలకు కూర్చున్నాము. నిజానికి కూర్చున్నది నాలుగు సార్లు, ఒకసారి తప్పాము. ఎందుకు కూర్చోవలసి వచ్చిందో చెప్పకుండా ఎలా చదివామో మాత్రమే చెబితే అది గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది. కనుక మా తప్పు దగ్గరే మొదలుపెడతాము.

2017లో ఒకనాడు అసర్ నమాజు తరువాత మా వీధిలోని ఒక సోదరి కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త లారీ డ్రైవరు. రోడ్డు ప్రమాదంలో మరణించాడు. నష్టపరిహారంగా చేతికందిన మూడు లక్షల రూపాయలు ఆమె వద్ద ఉన్నాయి. బట్టలు కుట్టి ఇద్దరు పిల్లలను పోషిస్తోంది. కొంగులో నుండి మడత పెట్టిన కాగితం తీసి, "మౌల్సాబ్, ఇది హలాలేనా చూసి చెప్పండి" అన్నది. కాగితం పైభాగాన బిస్మిల్లాహ్, దాని క్రింద అందమైన అరబ్బీ లిపిలో 'ముదారబా' అన్న మాట ఉన్నాయి. లక్షకు నెలకు 'సుమారు' రెండు వేల ఐదు వందల రూపాయల లాభం పంచుతామని వ్రాసి ఉంది. మేము పై వరుస చదివాము. "ముదారబా మన షరీఅత్‌లో అనుమతి ఉన్న ఒప్పందమే అమ్మా" అన్నాము. మగ్రిబ్‌కు వజూ చేసుకోవలసిన వేళ దగ్గర పడుతోంది. మొత్తం సంభాషణ ఐదు నిమిషాలు.

ఆమె మూడు లక్షలూ పెట్టింది. పధ్నాలుగు నెలల పాటు నెలకు ఏడు వేల ఐదు వందలు క్రమం తప్పకుండా వచ్చాయి. పదిహేనో నెల రాలేదు. ఆ తరువాత ఆ కార్యాలయానికి తాళం పడింది. వచ్చింది లక్షా ఐదు వేలు. పోయింది లక్షా తొంభై ఐదు వేలు. మొదట వచ్చిన ఆ లక్షా ఐదు వేలూ లాభం కాదని, ఆమె సొమ్మునే వాయిదాల మీద ఆమెకు తిరిగి ఇచ్చారని మాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు.

ఆమె మమ్మల్ని నిందించలేదు. నిందించి ఉంటే బాగుండేది. "మీరు చూసి చెప్పారు కదా మౌల్సాబ్, అందుకే ఇంకెవరినీ అడగలేదు" అన్నది, అంతే.

ఆ రాత్రి హిదాయాలో ముదారబా అధ్యాయం తెరిచాము. మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహ్) ఎనిమిది శతాబ్దాలకు పూర్వమే అక్కడ స్పష్టంగా చెప్పారు: లాభం ఇరువురి మధ్య వంతుగానే ఉండాలి, సగమో, మూడో వంతో. ఒకరికి ఇన్ని దిర్హములని నిర్ణయించిన క్షణాన ఆ ఒప్పందం చెడిపోతుంది. ఎందుకంటే వ్యాపారంలో ఆ మాత్రం లాభమే రాకపోవచ్చు. ఈ మాట మేము ఏటేటా శిష్యులకు చెబుతూనే ఉన్నాము. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాము. లక్షకు రెండు వేల ఐదు వందలని కళ్ళ ముందు వ్రాసి ఉన్నా, 'సుమారు' అన్న పలుచని తెర చాటున మాకు అది కనిపించలేదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన ఆయత్ అప్పుపత్రం వ్రాసుకోవడం గురించినదని జుమా ప్రసంగాలలో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఆ పత్రాన్ని మాత్రం చివరిదాకా చదవలేదు.

అయితే హిదాయా తెలిసి ఉంటే చాలునా అంటే, చాలదు. మా పూర్వ శిష్యుడొకడు హైదరాబాదులో ఒక ఆడిటరు వద్ద పని చేస్తున్నాడు. రంజాన్ సెలవుల్లో కలవడానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాము. అంతా విని, "హజ్రత్, ఒప్పందం నూటికి నూరు పాళ్ళు సరిగా ఉన్నా, ప్రజల వద్ద సొమ్ము సేకరించడానికి వాళ్ళకు అనుమతి ఉందా అని చూశారా?" అన్నాడు. "కంపెనీ రిజిస్టరు అయింది కదా, గోడకు ధ్రువపత్రం కూడా వ్రేలాడదీశారట" అన్నాము. అతను మర్యాదకు నవ్వు ఆపుకున్నాడు. కంపెనీగా నమోదు కావడం వేరు, డిపాజిట్లు తీసుకునే అనుమతి వేరు. జీఎస్టీ నెంబరు ఉండడం పన్ను కట్టడానికి సంబంధించిన విషయం. అది నమ్మకానికి హామీ కాదు. పలువురి సొమ్ము కూడగట్టి పెట్టుబడి పెట్టి లాభాలు పంచే సామూహిక పథకమైతే సెబీ వద్ద నమోదు కావాలి. ఇవేవీ మాకు తెలియవు. తెలియదని కూడా తెలియదు. తెలియని సంగతి మీద మనుషులు మా మాట తీసుకుని వెళుతున్నారు.

"చదవాలంటే ఏం చదవాలి?" అని అడిగాము. అతను ఎన్‌.ఐ.ఎస్‌.ఎం. పేరు చెప్పాడు. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2006లో స్థాపించిన విద్యాసంస్థ అది. మ్యూచువల్ ఫండ్లు అమ్మేవారు తప్పనిసరిగా రాయవలసిన 'సిరీస్ ఫైవ్-ఏ' పరీక్షతో మొదలుపెట్టమన్నాడు. వంద ప్రశ్నలు, రెండు గంటలు, యాభై మార్కులు వస్తే ఉత్తీర్ణత. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. రుసుము పదిహేను వందల రూపాయలు. మదరసా ఉపాధ్యాయుని జీతం ఎంతో పాఠకులకు తెలియనిది కాదు. ఆ రుసుము అందులో పదో వంతుకు దగ్గరగా ఉంది.

పాఠ్యపుస్తకాన్ని జిరాక్సు దుకాణంలో అచ్చు తీయించి, స్పైరల్ వేయించి తెచ్చుకున్నాము. మొదటి పుటకే మూడు రోజులు పట్టింది. మా చదువంతా ఉర్దూ, అరబ్బీలలో సాగింది. ఆంగ్లం అక్షరాలు కూడబలుక్కుని చదివే స్థాయి. అప్పుడు మా రెండవ అమ్మాయి బి.కాం. చదువుతోంది. ఇషా తరువాత గంటసేపు ఆమె మాకు ఉపాధ్యాయురాలు. "అబ్బా, ముందు లెక్క అర్థం చేసుకోండి, మాట తరువాత దానంతట అదే వస్తుంది" అనేది. ఫండ్ ఆస్తుల విలువలో నుండి బాకీలు తీసివేసి, మిగిలిన దానిని యూనిట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో యూనిట్ విలువ వస్తుందని వంటగదిలోని పప్పు డబ్బాలతో చెప్పింది. ఆ డబ్బాలు తిరిగి సర్దవలసి వచ్చిన మా ఇంటావిడ అభిప్రాయం ఇక్కడ వ్రాయడం ఉచితం కాదు.

మదరసా ఉద్యోగమంటే ఫజ్ర్ తరువాత మొదలై ఇషా వరకు సాగేది. ఉదయం పాఠాలు, జుహర్ తరువాత మళ్ళీ పాఠాలు, మగ్రిబ్ తరువాత పిల్లల పునశ్చరణ పర్యవేక్షణ. అసర్‌కు, మగ్రిబ్‌కు మధ్య కాస్త విరామం. మాకు దొరికినవి ఆ విరామం, ఇషా తరువాతి గంట, తహజ్జుద్‌కు ముందరి ముప్పావు గంట. యువకులైతే రాత్రంతా మేలుకుని చదివేస్తారు. ఈ వయస్సులో ఒకరాత్రి నిద్ర చెడితే రెండు రోజుల పాఠం చెడుతుంది.

నాజిమ్ సాహెబ్‌కు ఈ సంగతి తెలిసి పిలిపించారు. ఆయన మా కన్నా పెద్దవారు, మా గురుతుల్యులు. "ఈ వయస్సులో వడ్డీ లెక్కలు నేర్చుకోవడం దేనికి మౌలానా?" అన్నారు. మద్యం దుష్ఫలితాల గురించి చెప్పే వైద్యునికి మద్యంలో ఏముందో తెలిసి ఉండాలి కదా అన్నాము. దానికి ఆయన కాదనలేదు. మరొక మాట అన్నారు, అదే మాకు గుచ్చుకుంది. "సరే, చదవండి. కాని మీ వేళలు పిల్లలవి. అవి మీ చేతిలో అమానత్." తరగతి వేళల్లో ఆ పుస్తకం ముట్టనని మాట ఇచ్చాము.

మాట తప్పాము కూడా. పరీక్షకు ఇంకా వారం ఉంది. పిల్లలు తమలో తాము పాఠం వల్లె వేసుకుంటున్నారు. మా ముందు బల్ల మీద హిదాయా తెరిచి ఉంది; దాని క్రింద స్పైరల్ పుస్తకం. ఒక పుట చూద్దామనుకున్నది పావుగంట అయింది. తలెత్తేసరికి ముందు వరుసలోని పిల్లవాడు చూస్తున్నాడు. పన్నెండేళ్ళ వాడు. ఏమీ అనలేదు, కళ్ళు దించుకున్నాడు. దొంగతనంగా నవల చదివే విద్యార్థులను ఎందరినో మేము ఇలాగే పట్టుకున్నాము. ఆ నెల జీతంలో ఒక రోజు మొత్తం నాజిమ్ సాహెబ్ చేతికి తిరిగి ఇచ్చి, కారణం చెప్పాము. ఆయన రసీదు వ్రాసి ఇచ్చారు. ఆ రసీదు ఇప్పటికీ హిదాయాలో ముదారబా అధ్యాయం దగ్గరే ఉంది.

పరీక్ష 2020 జనవరిలో ఒక శుక్రవారం, హైదరాబాదులో. మదరసాకు శుక్రవారం సెలవు కనుక సెలవు చీటీ అవసరం రాలేదు. గురువారం రాత్రి బస్సులో బయలుదేరాము. పరీక్షా కేంద్రంలో పాన్ కార్డు చూసి, ఫోటో తీసి, సంచి, ఫోను లోపల పెట్టించి, ఒక పెన్ను, తెల్ల కాగితం ఇచ్చారు. వరుసలో ముందున్న కుర్రవాడు మా గడ్డం చూసి, "అంకుల్, తోడు వచ్చినవారు బయట కూర్చోవాలి" అన్నాడు. పరీక్ష మాదేనని చెబితే అతను కాస్త సిగ్గుపడి తన ప్రక్కన చోటిచ్చాడు. మౌస్ పట్టుకోవడం అమ్మాయి ముందే నేర్పింది. అయినా మొదటి పది నిమిషాలు బాణం గుర్తు మా మాట వినలేదు. ఫలితం అక్కడికక్కడే తెర మీద కనిపిస్తుంది: అరవై మూడు. జుమా నమాజుకు వేళ మించకుండా బయట పడ్డాము. సజ్దాలో ఆ సోదరి మాటే గుర్తుకు వచ్చింది గాని, అరవై మూడు గుర్తుకు రాలేదు.

రెండు నెలలకు లాక్‌డౌన్ వచ్చింది. మదరసా మూతపడింది, పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయారు, జీతాలు సగమయ్యాయి. ఆ కాలంలోనే ఊళ్ళో కుర్రవాళ్ళు ఫోన్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడడం మొదలుపెట్టారు. 'ఆడడం' అని వారే అంటారు. మా వద్దకు వచ్చి, "ఇది కూడా షేర్ల వ్యాపారమే కదా మౌల్సాబ్?" అని అడిగేవారు. ఈసారి చదివిన తరువాతే చెప్పాలనుకున్నాము. అందుకే రెండవ పరీక్షగా 'సిరీస్ ఎయిట్', అంటే ఈక్విటీ డెరివేటివ్స్ ఎంచుకున్నాము. ఇందులో ఉత్తీర్ణతకు అరవై కావాలి. ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు కోత.

2021లో రాశాము. అరవై ఒకటి ఒప్పులు, ముప్ఫై ఒకటి తప్పులు, ఎనిమిది వదిలేశాము. కోత పోను యాభై మూడుంపావు. కోత లేకుంటే గట్టెక్కేవారము. తెలియని వాటికి ఊహించి గుర్తు పెట్టడమే మమ్మల్ని ముంచింది. ఫిఖహ్‌లో తెలియని మసలాకు 'నాకు తెలియదు' అనడం విద్యలో భాగమని శిష్యులకు బోధించే మేము, ముప్ఫై ఒక్క చోట్ల ఆ మాట అనలేకపోయాము. ఇంటికి వచ్చి ఫలితం చెబితే అమ్మాయి ఏమీ అనకుండా మా పుస్తకం మీద కొత్త అట్ట వేసింది.

మరుసటి ఏడాది మళ్ళీ కూర్చున్నాము. డెబ్భై రెండు ఒప్పులు, పన్నెండు తప్పులు, పదహారు ఖాళీలు. అరవై తొమ్మిది.

ఆ చదువులో మాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది ఫ్యూచర్స్ స్వరూపం. మన ఫిఖహ్‌లో బైఎ సలమ్ ఉంది: వస్తువు తరువాత ఇస్తారు, కాని వెల మొత్తం అక్కడే, ఆ కూర్చున్న చోటే చెల్లించాలి. రైతుకు విత్తనం వేళకు డబ్బు అందడం దాని ప్రయోజనం. ఫ్యూచర్స్‌లో వస్తువూ రేపే, వెలా రేపే. ఇవాళ కట్టేది మార్జిన్ అనే కొద్దిపాటి పూచీ మాత్రమే. రెండు వైపులా బాకీయే. ఆప్షన్‌లోనైతే కొనేది వస్తువును కాదు, కొనే హక్కును. ఇవి ధర్మసమ్మతం కావని పండితులలో అత్యధికులు చెప్పడానికి కారణం మాకు అప్పుడు కంటికి కనిపించింది. అంతకు ముందు చెవికి మాత్రమే వినిపించేది. తరువాత 2024లో సెబీ తన అధ్యయనాన్ని ప్రకటించింది: మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈ వ్యాపారం చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు, తలసరి నష్టం సుమారు రెండు లక్షలు. ఆ కుర్రవాళ్ళకు హరామ్ అని చెప్పినప్పుడు తల ఊపి వెళ్ళిపోయేవారు. ఈ లెక్క చెప్పినప్పుడు కూర్చున్నారు. ఇది మాకు సంతోషించవలసిన విషయమో కాదో నేటికీ తేల్చుకోలేదు.

మూడవ పరీక్ష బహ్రైన్ కేంద్రంగా 1991 నుండి పని చేస్తున్న 'ఆయోఫీ' సంస్థది. ఇస్లామీయ ఆర్థిక సంస్థలకు షరీఅత్ ప్రమాణాలు రూపొందించే సంస్థ అది. దాని షరీఅత్ మండలికి ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ అధ్యక్షత వహించారు. షరీఅత్ సలహాదారు, తనిఖీదారు అర్హతకు అది పెట్టే పరీక్షను అరబ్బీలోనూ రాయవచ్చు. మొదటిసారిగా మా భాషలో చదివే అవకాశం దొరికింది! కాని రుసుము డాలర్లలో ఉంది. గల్ఫ్‌లో పని చేసే మా పూర్వ శిష్యుడొకడు తాను కడతానన్నాడు. కానుకగా వద్దు, ఖర్జె హసనాగా ఇమ్మన్నాము. వాయిదాలతో సహా పత్రం వ్రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాము. "మీ దగ్గర నాకు పత్రమెందుకు హజ్రత్?" అని అతను ఫోనులో నొచ్చుకున్నాడు. పది నెలల్లో తీర్చాము. పత్రం వెనక్కు వచ్చింది.

యాభైకి పైగా ప్రమాణాలున్న ఆ బృహద్గ్రంథంలో షేర్ల గురించిన ఇరవై ఒకటవ ప్రమాణం మా ఊళ్ళో ఎక్కువగా అక్కరకు వచ్చేది. అసలు వ్యాపారం హలాల్ అయినప్పటికీ వడ్డీతో కొద్దిపాటి సంబంధం తప్పని కంపెనీల విషయంలో అది హద్దులు గీసింది. వడ్డీ అప్పులు మార్కెట్ విలువలో నూటికి 30కి చేరకూడదు. వడ్డీ వచ్చే డిపాజిట్లూ అంతే. అధర్మమైన ఆదాయం మొత్తం ఆదాయంలో 5 శాతం దాటకూడదు. ఆ కొద్దిపాటి భాగాన్ని కూడా లెక్కగట్టి పుణ్యాపేక్ష లేకుండా వదిలించుకోవాలి. పరీక్షలో దీనికి సరైన జవాబే రాశాము, ఉత్తీర్ణులమయ్యాము. కాని మా మనస్సులో ఒక సందేహం మిగిలే ఉంది. అప్పును మార్కెట్ విలువతో పోల్చితే, అప్పు ఒక్క రూపాయి తగ్గకపోయినా షేరు ధర పెరిగిన నాడు కంపెనీ హద్దు లోపలికి వస్తుంది, ధర పడిన నాడు వెలుపలికి పోతుంది. ఆస్తులతో పోల్చే పద్ధతినీ కొందరు పాటిస్తున్నారు. మాకు అదే సమంజసంగా తోస్తుంది. పెద్దల నిర్ణయం మీద మాట తూలడం మా ఉద్దేశం కాదు. అడిగినవారికి మాత్రం రెండు లెక్కలూ చూపిస్తున్నాము.

ఇప్పుడు అసర్ తరువాత మా గదికి కాగితాలు పట్టుకుని వచ్చేవారు పెరిగారు. ఎవరు ఏ పథకం తెచ్చినా ముందు రెండు ప్రశ్నలు అడుగుతాము: సొమ్ము సేకరించడానికి వీరికి ఎవరి అనుమతి ఉంది? లాభం వంతుగా చెప్పారా, అంకెగా చెప్పారా? మొదటి దానికి జవాబు తెలియకపోతే రిజర్వు బ్యాంకు నడిపే 'సచేత్' వెబ్‌సైటులో అమ్మాయి చేత చూపిస్తాము. అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించడం 2019 నాటి చట్టం ప్రకారం నేరమని చెబుతాము. కొందరికి ఇది నచ్చదు. "మౌల్సాబ్ దగ్గరకు హలాల్, హరామ్ అడగడానికి వస్తే లైసెన్సు గురించి అడుగుతున్నారు" అని ఒక పెద్దమనిషి మసీదు మెట్ల మీద అన్నాడట.

ఆ సోదరితో కలిసి మేమూ పోలీసు స్టేషనుకు వెళ్ళాము. డిపాజిటుదారుల రక్షణకు 1999లో చేసిన రాష్ట్ర చట్టం క్రింద ఫిర్యాదు ఇచ్చాము. వ్యాజ్యం నడుస్తోంది, సొమ్ము రాలేదు. ఆ రోజు స్టేషను వరండాలో కూర్చున్నప్పుడు, "ఆ కాగితం నేను చదవలేదమ్మా, పై వరుస మాత్రమే చూశాను" అని చెప్పాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "నాకు తెలుసు మౌల్సాబ్, మీరు తిప్పి చూడలేదు, నేను చూస్తూనే ఉన్నాను" అన్నది. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆమె మా వద్దకు ఏ కాగితమూ తీసుకురాలేదు. ఎదురుపడితే సలాం చెప్పేది, అంతే.

క్రిందటి నెల ఆమె కుమారుడు వచ్చాడు. ఆనాడు తల్లి వెంట వచ్చిన పిల్లవాడే. ఇప్పుడు నూనూగు మీసాలు వచ్చాయి, మొబైల్ దుకాణంలో పని చేస్తున్నాడు. చేతిలో ఒక మ్యూచువల్ ఫండ్ పథక సమాచార పత్రం, ఎనభై పుటలకు పైగా ఉంది. నెలకు వెయ్యి రూపాయలు దాచుకోవాలనుకుంటున్నాడట.

"అమ్మీ మిమ్మల్ని అడగమంది" అన్నాడు. కాస్త తటపటాయించి, "చదివిన తరువాతే చెప్పమంది" అని కలిపాడు.

కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని మొదటి పుట తెరిచాము. మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉంది.

"ఇవాళ కాదు నాయనా, ఎల్లుండి అసర్ తరువాత రా" అన్నాము.